చలికాలంలో పురుగు ఎక్కడ దాక్కుంటుంది? మహారాష్ట్ర సరిహద్దు తెలుగు రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

పైన్‌గంగ దాటితే ఆదిలాబాద్, మంజీర దాటితే నిజామాబాద్, ప్రాణహిత దాటితే మంచిర్యాల. ఈ సరిహద్దుకు ఇవతల, మహారాష్ట్రలోని కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్, పాండర్‌కవడా, రాజురా, జివతి, సిరొంచ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే రైతులం చాలామందిమి ఉన్నాం. నేను కిన్వట్ వైపు పత్తి, శనగ వేస్తాను. పొలం గట్ల మీద, జిన్నింగ్ మిల్లు ముందు బండ్ల వరుసలో తోటి రైతులు నన్ను అడిగినవీ, నేను తెలిసినవారిని అడిగి నేర్చుకున్నవీ ఇక్కడ రాశాను. పత్తి కాయలోకి దూరి గింజలు తినే గులాబీ రంగు పురుగు గురించి ఎక్కువ చెప్పాను. మన దగ్గర చలికాలానికీ పురుగుకూ ఉన్న సంబంధం దానిలోనే బాగా కనిపిస్తుంది. మనం ఎక్కువ పోగొట్టుకున్నదీ దానివల్లే.

ఈసారి చలి గట్టిగా పడింది. పురుగులు చచ్చిపోయి ఉండవా?

చచ్చిపోవు. ఈ ఆశ మనలో చాలామందికి ఉంది కాబట్టి మొదట దీన్నే తీసుకున్నాను.

విదర్భలో చలి తక్కువేమీ కాదు. నాగపూర్‌లో 2018 డిసెంబరు 29న ఉష్ణోగ్రత 3.5 డిగ్రీలకు పడిపోయింది. మనుషులం వణికిపోయాం. కానీ పురుగు ఒంట్లోని ద్రవం నీళ్ళలా సున్నా దగ్గర గడ్డకట్టదు. చాలా పురుగుల్లో సున్నాకు బాగా కిందికి దిగితే గానీ అది జరగదు. చలి దేశాల పురుగులైతే ఒంట్లో గ్లిసరాల్ వంటి పదార్థాలు కూడబెట్టుకుని మంచులో కూడా బతుకుతాయి. పైగా మన పురుగు గాలిలో వేలాడుతూ ఉండదు. మట్టిలోనో, గింజలోనో, కట్టె మోపులోనో ఉంటుంది. అక్కడ బయటి చలి సగం కూడా తగలదు.

మన చలి చేసే పని ఒక్కటే, పురుగును నెమ్మదింపజేయడం. గుడ్డు పొదగడానికి మూడు రోజులు పట్టేచోట వారం పడుతుంది, పిల్ల పురుగు ఎదగడానికి రెట్టింపు రోజులు పడతాయి. మన ప్రాంతంలో అసలు పురుగును అదుపులో పెట్టింది చలి కాదు, ఆకలి. పంట తీసేసిన తరువాత నాలుగైదు నెలలు పొలం ఖాళీగా ఉండటమే దాన్ని చంపేది. కింద రాసిన జవాబుల్లో చాలావరకు ఈ మాట దగ్గరికే తిరిగివస్తాయి.

మరి చలికాలంలో పురుగులు ఎక్కడ ఉంటాయి?

ఒక్కొక్కటి ఒక్కో చోట. పత్తి గులాబీ రంగు పురుగు బాగా ఎదిగిన తరువాత గింజలోకి దూరి, కొన్నిసార్లు రెండు గింజలను దారంతో ఒకటిగా అతికించి, వాటి మధ్య పడుకుంటుంది. పత్తి తీసేటప్పుడు రెండు గింజలు అంటుకుని కనిపిస్తే విప్పి చూడండి. ఎండిపోయి చెట్టుమీదే మిగిలిన గుడ్డి కాయల్లో, రాలిన కాయల్లో, మట్టి పైపొరలో, మిల్లు దగ్గరి గింజల కుప్పల్లో కూడా ఉంటుంది.

వరి కాండం తొలుచు పురుగు కోత తరువాత కొయ్యకాళ్ళలో, నేలకు ఆనుకుని ఉన్న కాండం అడుగున ఉంటుంది. శనగపచ్చ పురుగు కోశస్థ దశలో, అంటే రెక్కల పురుగుగా మారే ముందు గూడు కట్టుకుని ఉండే దశలో, మట్టిలో ఉంటుంది, అయితే మన దగ్గర చలికాలమంతా శనగ, కంది ఉంటాయి కనుక ఎక్కువ భాగం నిద్రపోకుండా తింటూనే ఉంటుంది. పేనుబంకకు మన చలికాలమే పండుగ. కుసుమ మీద, గోధుమ మీద దాని ఉధృతి డిసెంబరు, జనవరి నెలల్లోనే. చలి దేశాల్లో అది చలికాలాన్ని గుడ్డు రూపంలో గడుపుతుంది. మన దగ్గర ఆ అవసరమే లేదు, మగ పురుగు ప్రసక్తి లేకుండానే ఆడవి ఏడాది పొడవునా పిల్లలను పెడుతూ పోతాయి.

పురుగు నిద్ర అంటారు. అది నిజంగా నిద్రేనా? తేదీ దానికి ఎలా తెలుస్తుంది?

మామూలు నిద్ర కాదు. చలికి ఒళ్ళు మొద్దుబారడం వేరు. దానిలో ఎండ తగలగానే పురుగు మళ్ళీ కదులుతుంది. ఈ సుప్తావస్థ ముందే నిర్ణయమై వచ్చేది. ఒంట్లోని హార్మోన్లు మారిపోతాయి, తిండి మానేస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది, కూడబెట్టిన కొవ్వుతో నెలల తరబడి గడుపుతుంది. మధ్యలో నాలుగు రోజులు వెచ్చగా ఉన్నా లేవదు.

తేదీని అది పగటి పొడవును బట్టి తెలుసుకుంటుంది. మన ప్రాంతంలో జూన్ మూడో వారంలో పగలు పదమూడుంపావు గంటలు. డిసెంబరులో పదకొండు గంటలకు కాస్త తక్కువ. గులాబీ రంగు పురుగు విషయంలో పగలు పదమూడు గంటలకన్నా తగ్గి, రాత్రులు చల్లబడి, కాయ ముదిరి గింజలో నూనె పెరిగితే, ఆ మూడూ కలిసి పిల్ల పురుగుకు ‘ఇక పడుకో’ అని చెబుతాయి. మన దగ్గర నవంబరు నుంచి ఇలా పడుకునేవాటి సంఖ్య పెరుగుతుంది. మళ్ళీ వేడి, వాన తడి తగిలినప్పుడు లేచి కోశస్థ దశకు మారి రెక్కల పురుగులై వస్తాయి. కొన్ని ఆ ఏడాది లేవకుండా మరుసటి ఏడాదికి కూడా ఆగుతాయి. ఒక ఏడాది పత్తి వేయకపోతే పీడ పూర్తిగా వదిలిపోతుందని అనుకోవడానికి వీల్లేకపోవడం ఇందుకే.

నూనె గింజంత పురుగు రోజు పొడవును గంటల్లో కొలుస్తుందని మొదటిసారి విన్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు నవంబరు వచ్చిందంటే సూర్యాస్తమయం వేళ చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

వాతావరణం వేడెక్కుతోంది. ఈ నిద్ర ఏమవుతుంది?

ఎంత వేడెక్కినా పగటి పొడవు మారదు. ఉష్ణోగ్రత మారుతుంది. ఇన్నాళ్ళూ పురుగుకు ఈ రెండూ ఒకే కబురు చెప్పేవి. ఇప్పుడు సూర్యుడు చలికాలం వచ్చిందంటాడు, గాలి ఇంకా రాలేదంటుంది.

దేశం మొత్తం సగటున 1901 నుంచి 2018 లోపల సుమారు 0.7 డిగ్రీలు వేడెక్కింది. అక్టోబరు, నవంబరు వెచ్చగా ఉంటే గులాబీ రంగు పురుగుల్లో నిద్రకు వెళ్ళేవి తగ్గుతాయి. పగలు చిన్నబడినా వేడి ఆ సంకేతాన్ని బలహీనం చేస్తుంది. నిద్రపోని పురుగు తింటుంది, ఇంకో తరం పెడుతుంది. దానికి పచ్చికాయ దొరికితే మనకు నష్టం. దొరకకపోతే అది అక్కడే చస్తుంది. అంటే వెచ్చని చలికాలం పురుగుకు మేలా, కీడా అన్నది చాలావరకు ఆ సమయంలో మన పొలంలో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పడుకున్న పురుగు కొవ్వు మీద బతుకుతుందని అన్నాను కదా. చలిగా ఉంటే ఆ కొవ్వు నెమ్మదిగా ఖర్చవుతుంది. చలికాలం వెచ్చబడితే తొందరగా కరుగుతుంది. కొన్ని పురుగులు లేచే లోపే నీరసించి చస్తాయి, లేచినవాటిలో కొన్ని తక్కువ గుడ్లు పెడతాయి. వేడెక్కితే అన్ని పురుగులూ పెరుగుతాయనే మాట నిజం కాదు. కొన్ని తగ్గుతాయి కూడా. చలి దేశాల్లో లాభపడే పురుగులు ఎక్కువ. మన దగ్గర లెక్క మిశ్రమంగా ఉంటుంది.

పురుగు ముందే లేస్తే పొలంలో పత్తి ఉండదు. చస్తుంది. మనకు మంచిదే కదా?

మంచిదే, పొలంలో నిజంగా పత్తి లేకపోతే. మే, జూన్ నెలల్లో లేచిన రెక్కల పురుగు వారం, రెండు వారాలకు మించి బతకదు. అది గుడ్లు పెట్టాలంటే మొగ్గలు, పూలు, కాయలు కావాలి. వానలు పడ్డాక జూన్ చివర విత్తిన పత్తికి మొగ్గ రావడానికి నెలన్నర పడుతుంది. ఆ లోపల లేచినవన్నీ వృథాగా చస్తాయి. శాస్త్రవేత్తలు దీన్ని పురుగు ఆత్మహత్య అంటారు. నాకు ఆ మాట నచ్చదు. మన జిల్లాల్లో ఆ మాటకు వేరే బరువు ఉంది. ఖాళీ పుట్టుక అందాం.

బోరు ఉన్నవారు మే నెలలోనే విత్తితే ఈ లాభం పోతుంది. ముందే లేచిన పురుగుకు ముందే మొగ్గ దొరుకుతుంది. అక్కడ పెరిగిన తరం ఆగస్టుకల్లా వాన మీద ఆధారపడిన పక్క పొలాలకు వస్తుంది. ముందుగా విత్తిన రైతుది తప్పని నేను అనను, నీళ్ళున్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కానీ ఊరంతా కలిసి మాట్లాడుకోవలసిన విషయం ఇది.

ఫర్దడ్ ఉంచితే ఏమవుతుంది? రెండు క్వింటాళ్ళు వచ్చినా కలిసొస్తుంది కదా?

మన దగ్గర మరాఠీలో ఫర్దడ్ అంటారు, డిసెంబరుతో తీసేయాల్సిన పత్తిని ఒకటి రెండు తడులిచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంచడం. దీని మీద తిట్లు తినని రైతు లేడు. సలహాదారులు ‘తీసేయండి’ అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్ళిపోతారు. రైతు ఎందుకు ఉంచుతాడో అడగరు.

ఎందుకు ఉంచుతామంటే, వానలు మారాయి కనుక. సెప్టెంబరులో వెళ్ళిపోవాల్సిన వాన అక్టోబరు నడిమి దాకా ఉంటోంది. మొదటి కాపు కాయలు తడిసి కుళ్ళుతాయి. ఆ తడికి చెట్టు మళ్ళీ చిగురించి పూతకొస్తుంది. అప్పుల లెక్క కళ్ళముందు ఉన్నవాడు పూతకొచ్చిన చెట్టును ఎలా పీకుతాడు? వాతావరణ మార్పు పురుగుకు చేసిన పెద్ద సాయం నా దృష్టిలో ఇదే. డిగ్రీల పెరుగుదలకన్నా ఎక్కువగా, వాన ఆలస్యం చేసి మన చేతనే పురుగుకు చలికాలపు తిండి పెట్టిస్తోంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక తల్లి పురుగు వంద గుడ్లు పెట్టిందనుకుందాం. నూటికి నాలుగే బతికాయి, అందులో రెండు ఆడవి. అంటే తరానికి రెట్టింపు. ఒక తరానికి నెల రోజులు అటూ ఇటూగా పడుతుంది, చలిలో ఇంకాస్త ఎక్కువ. జనవరి నుంచి మార్చి చివరి దాకా పచ్చికాయ ఉంటే రెండు తరాలు అదనం. నిద్రకు వెళ్ళే పురుగుల సంఖ్య నాలుగింతలు. నూటికి ఆరు బతికితే తొమ్మిదింతలు. ఆ రెండు క్వింటాళ్ళ పత్తిలో సగం గుడ్డిపత్తి, రంగు మారినది, ధర పలకనిది. మరుసటి ఏడాది ఆగస్టులో కొనే మందు ఖర్చు దానికి కలపండి.

నేనూ ఒక ఏడాది ఏప్రిల్ దాకా ఉంచాను. మరుసటి ఏడాది నా పొలంలోనే కాదు, మా గట్టు పక్క పొలంలో కూడా మొదటి పూతలోనే, పురుగు దూరి విచ్చుకోని గుడ్డి పూలు వచ్చాయి. ఆ పొలం ఒక ముసలమ్మది. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఆ తరువాత నేను ఫర్దడ్ పెట్టలేదు.

నీళ్ళుంటే పత్తి తీసేసి శనగ, గోధుమ, జొన్న, కూరగాయలు వేయండి. బెండ మాత్రం వద్దు, పత్తి కుటుంబపు మొక్క కనుక గులాబీ రంగు పురుగు దాని మీద కూడా బతుకుతుంది.

ఒక్క డిగ్రీ పెరిగితే ఏమంత తేడా వస్తుంది?

మన ఒంటి వేడి ఎప్పుడూ ఒక్కటే. పురుగు ఒంటి వేడి గాలి వేడిని బట్టి మారుతుంది. కాబట్టి దానికి రోజులు ముఖ్యం కాదు, కూడిన వేడి ముఖ్యం. అన్నం ఉడకడానికి ఇన్ని నిమిషాలని కాకుండా ఇంత మంట కావాలని చెప్పినట్టు. ప్రతి పురుగుకూ ఒక అడుగు గీత ఉంటుంది, అంతకన్నా చల్లబడితే అది ఎదగదు. ఉదాహరణకు 12 డిగ్రీలు అనుకుందాం. రోజు సగటు 22 అయితే ఆ రోజు ఖాతాలో 10 పడతాయి, 23 అయితే 11 పడతాయి. తరం పూర్తవడానికి 450 కావాలంటే మొదటి లెక్కలో 45 రోజులు, రెండో లెక్కలో 41 రోజులు. నాలుగు రోజులు చిన్నగానే కనిపిస్తాయి, ఏడాదంతా కలిపితే దాదాపు ఒక తరం అదనమవుతుంది. అదే పెరుగుదల మే నెలలో జరిగితే పురుగుకు లాభం లేదు, అప్పటికే వేడి దాని హద్దు దగ్గర ఉంటుంది. చలికాలపు రాత్రి వెచ్చబడితేనే దానికి లాభం.

2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచం ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ వరి, మొక్కజొన్న, గోధుమల్లో పురుగుల వల్ల నష్టం 10 నుంచి 25 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. ఎక్కువ దెబ్బ సమశీతోష్ణ దేశాల గోధుమ, మొక్కజొన్నలకే అని కూడా చెప్పింది. ఆ అంకెను యథాతథంగా మన పొలానికి అన్వయించకండి.

మన ఎండలకు పురుగు చావదా?

చస్తుంది, ఎండ తగిలితే. చంద్రపూర్‌లో మే నెలలో 46, 47 డిగ్రీలు కొత్త కాదు, నేల పైపొర ఇంకా వేడెక్కుతుంది. వేసవి దుక్కి లోతుగా దున్నితే దాగిన పురుగులు, కోశాలు పైకి వస్తాయి. ఎండ కొన్నిటిని, కొంగలు, కాకులు మిగతావాటిని చూసుకుంటాయి. దున్నకపోతే పురుగు ఉన్న లోతుకు ఆ వేడి చేరదు.

కత్తెర పురుగు చలికాలంలో నిద్రపోతుందా?

పోదు. దానికి ఆ విద్యే లేదు. అమెరికాలో చలికాలంలో అది ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాల దక్షిణ అంచుల్లో మాత్రమే బతికి, ప్రతి వేసవిలోనూ ఉత్తరానికి వందల మైళ్ళు ఎగురుతూ వెళ్తుంది. మన దేశంలో దాన్ని మొదట 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో గుర్తించారు. ఆ ఏడాదే మహారాష్ట్రకూ వచ్చింది. మన చలికాలం దాన్ని ఆపదు. వేసవిలో నెలలో పూర్తయ్యే జీవితచక్రం చలిలో ఇంకా ఎక్కువ రోజులు సాగుతుంది, అంతే. రబీ మొక్కజొన్న, జొన్న ఉన్నంతకాలం దానికి తిండికి లోటు లేదు. ఒకే ఊళ్ళో మొక్కజొన్నను నెలకొకరు చొప్పున విత్తుకుంటూ పోతే అది ఎప్పటికీ ఖాళీ కడుపు చూడదు.

శనగ మీద మబ్బు పడితే పురుగు వస్తుందని పెద్దలు అంటారు. నిజమేనా?

నిజమే, కాకపోతే మబ్బు పురుగును తీసుకురాదు. చలికాలంలో మబ్బు కమ్మితే నేల వేడి రాత్రి పైకి పోదు, రాత్రి వెచ్చగా ఉంటుంది. అలాంటి రాత్రుల్లో శనగపచ్చ పురుగు తల్లులు చురుగ్గా ఎగిరి గుడ్లు పెడతాయి, గుడ్లు తొందరగా పొదుగుతాయి. గాలిలో తడి ఉండటం వల్ల చిన్న పురుగులు ఎండిపోవు. కనుక మబ్బు పట్టిన రెండు మూడు రోజుల తరువాత లేత చిగుళ్ళు తప్పక చూడండి. చిన్న పురుగుగా ఉన్నప్పుడు వేపగింజల కషాయం పనిచేస్తుంది, కాయలో తల దూర్చాక ఏదీ సరిగా పనిచేయదు. శనగ చేనులో అక్కడక్కడా కర్రలు పాతి పిట్టలు వాలేలా చేయండి. డిసెంబరులో అకాల వానలు తరచైతే ఈ పెద్దల మాట మరింత గుర్తుంచుకోవాల్సి వస్తుంది.

మాది సిరొంచ, గోదావరి పక్క. మేము రెండు పంటలు వరి వేస్తాం. మాకేమిటి?

కాండం తొలుచు పురుగుకు వానాకాలం వరి తరువాత కొయ్యకాళ్ళే ఇల్లు. ఒక్క పంటే వేసే చోట అది అక్కడే ఉండి తొలకరి కోసం ఎదురుచూస్తుంది. రెండో పంట ఉన్నచోట డిసెంబరు, జనవరి నారుమళ్ళు దానికి వంతెన. చలి నారును కూడా నెమ్మదింపజేస్తుంది, మడిలో ఎక్కువ రోజులు ఉంటుంది, ఆ రోజుల్లో నారు కొనల మీద తల్లి పురుగు గుడ్ల కుప్పలు పెడుతుంది. గోధుమ రంగు నూగు కప్పిన ఆ కుప్పలు కంటికి కనిపిస్తాయి.

నాటే ముందు నారు కొనలు తుంచి పారేయడం పాతకాలపు పని, చాలామంది మానేశారు. దయచేసి మానకండి, దానికి ఖర్చు లేదు. కోత నేలకు ఆనించి కోయండి. యంత్రంతో కోసినచోట కొయ్యకాలు పొడవుగా మిగులుతుంది కనుక వెంటనే దున్ని నీళ్ళు పెట్టి మురగనివ్వండి. కాల్చడం కన్నా ఇది మేలు, పురుగు నేలకు ఆనుకుని ఉంటుంది, మంట పైన పైనే పోతుంది.

సుడిదోమ సంగతి వేరు. జపాన్, కొరియా చలికి అది ఒక్కటి కూడా మిగలదు, ప్రతి ఏడూ వెచ్చని దేశాల నుంచి గాలిలో సముద్రం దాటి వెళ్ళి అక్కడి వరిని ముంచుతుంది. మన దగ్గర ఎక్కడికీ పోనక్కరలేదు. వరి ఉంటే చాలు.

మిరపలో వచ్చిన నల్ల తామర పురుగు కూడా వాతావరణం వల్లేనా?

అది బయటి నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. 2021 చివర, 2022 మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిరప తోటల్లో పూలను నాశనం చేసింది. రాకకు కారణం మొక్కల రవాణా, మనుషుల ప్రయాణాలు. వచ్చినది నిలదొక్కుకోవడంలో మన వెచ్చని చలికాలం, పూతతో నిండిన తోటలు సాయపడతాయి. నీలి రంగు జిగురు అట్టలు పెట్టి గమనించండి, అవసరానికి మించి మందులు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు ముందు పోతాయి.

మిత్ర పురుగులకు చలికాలం ఎలా గడుస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టే ట్రైకోగ్రామా వంటి చిన్న కందిరీగలు, అక్షింతల పురుగులు, సాలీళ్ళు కూడా చలికాలం గడపాలి. వాటికి పూల తేనె, గట్టు మీది గడ్డి, కంది, బంతి వంటివి కావాలి. వేడి పెరిగినప్పుడు పురుగు ఒక వారం ముందు లేచి, దాని శత్రువు పాత వేళకే లేస్తే ఆ వారంలో పురుగును ఆపేవారు ఉండరు. వాతావరణ మార్పులో నాకు ఎక్కువ భయం కలిగించేది ఈ వేళ తప్పడమే. మందు డబ్బాతో ఆ వారం పూడదు. గట్లు పూర్తిగా చెక్కి కాల్చేయకండి. పొలం ఖాళీగా, గట్టు పచ్చగా ఉంటే మంచిది.

చలి దేశాల్లో ఏం జరుగుతోందో మనకెందుకు?

ఒక్క ఉదాహరణ చెబుతాను. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లను తినే వజ్రపు రెక్కల పురుగు మీద 2021లో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. గత యాభై ఏళ్ళలో చలికాలాన్ని తట్టుకుని ఆ పురుగు బతకగల భూభాగం ప్రపంచంలో సుమారు 24 లక్షల చదరపు కిలోమీటర్లు పెరిగిందని తేల్చారు. దానికన్నా ముఖ్యమైన సంగతి, ఏడాదంతా బతకగలిగే చోట ఆ పురుగు మందులను తట్టుకునే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. చలికి అన్నీ చచ్చి ప్రతి ఏడూ కొత్తవి వలస వచ్చే చోట, మందుకు అలవాటు పడినవి కూడా చస్తాయి. బతికి బట్టకట్టేచోట అవే మిగిలి, వాటి సంతానమే పెరుగుతుంది. మన నేలలో చలి ఎప్పుడూ ఆ పని చేయలేదు. ఖాళీ పొలం చేసేది. దాన్ని కూడా నింపేస్తే మందులు ఎందుకు పనిచేయడం లేదన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

బీటీ విత్తనాలు ఉన్నాయి కదా, గులాబీ రంగు పురుగు ఎలా వస్తోంది?

బీటీ పత్తి అంటే పురుగును చంపే విషం చెట్టులోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన పత్తి. దానికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి జన్యువును తట్టుకుంటోందని 2010లో బయటపడింది. తరువాత కొన్నేళ్ళకే రెండోదాన్నీ తట్టుకుంది. కాయలోపలి గింజల్లో కొన్నిటికి ఆ విషం ఉండదు, కొన్నిటికి ఉంటుంది. పైగా చెట్టు ముదిరే కొద్దీ ఆ విషం పాలు తగ్గుతుంది. ఫర్దడ్ చెట్టులో పురుగు తక్కువ విషం తింటూ దానికి అలవాటు పడుతుంది. ఇక్కడా చలికాలపు పత్తే మనకు ఎదురుతిరిగింది. మిగతా కాయ తొలుచు పురుగుల మీద బీటీ ఇంకా పనిచేస్తోంది కాబట్టి దాన్ని పూర్తిగా తీసిపారేయలేం.

మందు కొట్టి వదిలించుకోలేమా?

పురుగు గుడ్డు నుంచి బయటపడిన కొద్దిసేపటికే కాయలోకి దూరుతుంది, రంధ్రం పూడుకుపోతుంది. లోపలికి మందు వెళ్ళదు. కనబడదు కనుక భయంతో ఎక్కువ కొడతాం, రెండు మూడు మందులు కలిపి కొడతాం. 2017 వానాకాలం చివర్లో యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ చేలు మన చేల వంటివే, ఆ ఉక్కపోత మనం ఎరిగినదే. కొట్టాల్సివస్తే ఒకే మందు, చెప్పిన మోతాదులో, ఉదయం చల్లబాటు వేళ, గాలికి ఎదురు నిలవకుండా, ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగు వేసుకుని కొట్టండి. కూలికి వచ్చినవారికి కూడా అవి ఇవ్వండి.

లింగాకర్షక బుట్టలు ఎప్పుడు పెట్టాలి? ఎన్ని పురుగులు పడితే జాగ్రత్త పడాలి?

ఇవి ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే బుట్టలు. విత్తిన 45 రోజులకు, ఎకరానికి రెండు చొప్పున. వరుసగా మూడు రాత్రులు, రాత్రికి బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే చర్య తీసుకోవాలి. లేదా పొలంలో అటూ ఇటూ తిరిగి 20 పచ్చికాయలు కోసి విప్పండి, రెండింటిలో పురుగు కనిపిస్తే అదే హద్దు. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలను కనబడగానే తుంచి నలిపేయండి.

పంట అయిపోయాక, ఏప్రిల్, మే నెలల్లో కూడా కట్టె కుప్పల పక్కన, మిల్లుల దగ్గర ఒక బుట్ట వేలాడదీయమని నా కోరిక. ఈ ఏడు నిద్ర ఎప్పుడు తెలుస్తోందో అది చెబుతుంది. తేదీలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పదేళ్ళ తరువాత మన నేల మీద వాతావరణ మార్పు ఎలా నడిచిందో చెప్పగలిగే పుస్తకం అదే అవుతుంది.

నేనొక్కడినే పొలం ఖాళీ చేస్తే లాభమేమిటి? పక్కవాడు ఉంచుతాడు.

లాభం ఉంది, సగమే. మీ నేలలో పడుకునే పురుగు తగ్గుతుంది కనుక మొదటి దెబ్బ ఆలస్యమవుతుంది. తరువాత పక్క పొలం నుంచి వస్తుంది. ఊరంతా కలిసి ఒక తేదీ పెట్టుకుంటేనే పూర్తి లాభం. మరాఠీ, గోండు, తెలుగు ఇళ్ళు కలిసిన మన ఊళ్ళలో గ్రామసభలో మనవాళ్ళు మాట్లాడరు, వెనక కూర్చుంటారు. ఈ విషయంలోనైనా ముందుకు రండి. పంట తీశాక మేకలను, గొర్రెలను చేలో వదిలితే మిగిలిన కాయలను అవే తినేస్తాయి, కాపరులకూ మేత.

సలహాలన్నీ మరాఠీలో వస్తాయి. ఏ పురుగు ఏదో ఎలా తెలుస్తుంది?

గులాబీ బోండఅళీ అంటే గులాబీ రంగు పురుగు. డోమకళీ అంటే గుడ్డి పువ్వు. ఘాటేఅళీ మన శనగపచ్చ పురుగు. లష్కరీ అళీ అంటే సైన్యంలా కదిలే పురుగు, దానికి ముందు అమెరికన్ అని ఉంటే మన కత్తెర పురుగు. మావా పేనుబంక, తుడతుడే పచ్చదోమ, తపకిరీ తుడతుడే వరిలోని సుడిదోమ, ఫులకిడే తామర పురుగులు, ఖోడకిడా కాండం తొలుచు పురుగు. ఒక్క పేరు పొరపాటు పడితే వేరే మందు కొంటాం. అనుమానం వస్తే పురుగును సీసాలో వేసుకుని దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళండి. బిలోలి తాలూకా వారికి సగ్రోళిలో ఉంది. పత్తికి నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ వారి వారపు సలహాలు ఆధారం.

ధర కోసం పత్తి ఇంట్లోనే పెట్టాను. పొయ్యికి పత్తి కట్టె కూడా వాకిట్లో ఉంది. దానివల్ల ప్రమాదమా?

ప్రమాదమే. ఏప్రిల్ దాటిన పత్తి కుప్ప, కంచె పక్కన పేర్చిన కట్టె, రెండూ పురుగు దాక్కునే ఇళ్ళు. పత్తిని వీలైనంత వరకు మార్చిలోపు అమ్మండి. అమ్మలేకపోతే గది కిటికీలకు సన్నని వల కట్టి లోపల ఒక లింగాకర్షక బుట్ట వేలాడదీయండి, లేచిన మగ పురుగులు కొన్ని అందులోనే పడతాయి. కట్టెకు అంటుకున్న ఎండు కాయలను పేర్చే ముందే దులిపి కాల్చేయండి. మొదటి వాన పడేలోపు వంటకు వాడాల్సింది వాడి, మిగిలిన కట్టెను ముక్కలు చేసి ఎరువు గుంతలో వేయండి.